గడ్డిబిళ్ల కింద పిడికెడు ఇసుక

చెల్లి సంచి నేనే సర్దాను. అడుగున పని బూట్లు, వాటి మీద మడతపెట్టిన బట్టలు, పక్కన మందుబిళ్లలు. టికెట్టు ఉందో లేదో మూడుసార్లు చూశాను. ఎవరు ప్రయాణమైనా నాకు ఇదే కంగారు. ఆ రోజు మాత్రం కంగారుకు వేరే కారణం ఉంది. జిప్పు మూసేలోగా దానికి ఒక మాట చెప్పాలి. అప్పుడు చెప్పకపోతే ఇక చెప్పలేను.

“ఎన్నిసార్లు చూస్తావక్కా? ఆ టికెట్టు మీద అక్షరాలు అరిగిపోతాయి,” అంది చెల్లి, తల దువ్వుకుంటూ.

నవ్వాను. టికెట్టు మళ్లీ సంచి జేబులో పెట్టాను.

మేమిద్దరం గోల్ఫ్ మైదానంలో పనిచేసేవాళ్లం. నేను చేరిన చాలా ఏళ్లకు దాన్ని నేనే తీసుకెళ్లి చేర్పించాను. ఆకురాలే కాలం వస్తే ఆటగాళ్లకు పది రోజులు సెలవు, మాకు నడుములు విరిగే పని. జెండా పాతే చోట దుప్పటిలా పరుచుకున్న సన్నగడ్డిని గ్రీన్ అంటారు. ఏడాదంతా జనం తొక్కితొక్కి దాని కింద నేల బిగుసుకుపోతుంది. అందుకని మిషనుతో వేలెడు లోతు బెజ్జాలు పొడిచి, పైకొచ్చిన మట్టిపెళ్లలు ఊడ్చి, బెజ్జాల్లో ఇసుక నింపుతాం. ఈ చివరికి వచ్చేసరికి ఆ చివర మళ్లీ ఆకులు రాలి ఉంటాయి. ఊడ్చిందే ఊడ్చాలి.

వీటన్నిటిలో మర్యాద ఉన్న పని గుంటలు మార్చడం. బంతి పడే గుంట ఒకేచోట ఉంటే చుట్టూ గడ్డి చచ్చిపోతుంది. గుండ్రటి గొట్టంతో కొత్తచోట కోసి, పైకొచ్చిన గడ్డిబిళ్లతో పాత గుంట పూడ్చాలి. బిళ్ల కింద ఎంత ఇసుక వేస్తామన్నదే కిటుకు. తక్కువైతే పల్లం. ఎక్కువైతే బిళ్ల ఉబుకుతుంది, కోతమిషను దాని నెత్తి గీకేస్తుంది. నేను తడి ఇసుకను ముడిచిన వేళ్ల కణుపులతో నొక్కేదాన్ని. చెల్లికీ అలాగే నేర్పాను. అది వింటేగా! స్టీలు గ్లాసు అడుగుతో నొక్కేది.

“గుంట పూడుస్తున్నావా, వంట చేస్తున్నావా?” అనేదాన్ని.

“రెండూ నీకంటే బాగానే చేస్తాలే,” అనేది.

ఆ ఏడాది పనుల బోర్డు మీద మేస్త్రి రాసింది కూడబలుక్కుని చదివాను. ‘గుంటలు: చిన్నది. ఆకులు: పెద్దది.’ తప్పు చదివానేమోనని మళ్లీ మొదటినుంచి చదివాను.

“ఏం మేస్త్రీ, నా చేతికేమొచ్చింది?” అన్నాను.

“నీ చేతికేం రాలేదు పెద్దమ్మాయ్. మీ చెల్లి పూడ్చిన గుంట ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తోంది, అంత నున్నగా పూడుస్తోంది,” అన్నాడు, నేను సంబరపడతానన్నట్టు.

పద్నాలుగేళ్లలో నాతో ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు. ఆకులు ఊడుస్తున్నంతసేపూ నా కళ్లు దాని వీపు మీదే. అది మోకాళ్ల మీద కూర్చుని గొట్టం తిప్పుతుంటే దారిన పోయేవాళ్లు కూడా ఆగి చూసేవాళ్లు. నా చీపురును ఎవరు చూస్తారు?

సెలవులయ్యాక మైదానం మళ్లీ తెరిచిన రోజే పెద్ద పోటీ. ముందురోజు సాయంత్రం అది చివరి గ్రీన్ ముగించి కుళాయి దగ్గరికి వెళ్లింది. నేను గబగబా వెళ్లి, అది పెట్టిన గడ్డిబిళ్ల పైకి తీశాను. దాని బక్కెట్లోంచే పిడికెడు తడి ఇసుక తీసి వేశాను. బిళ్ల మళ్లీ పెట్టి, కాలితో అదిమి వచ్చేశాను. పైకి తేడా ఏమీ తెలియదు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

పొద్దున్నే కోతమిషను వెళ్లాక చూస్తే, పచ్చటి గ్రీన్ మధ్యలో అరచేయంత బట్టతల. అప్పటికే ఆటగాళ్లు వచ్చేస్తున్నారు.

“ఇది నీ పనేనా?” అన్నాడు మేస్త్రి, చెల్లితో.

అది కూర్చుని బిళ్ల పైకి తీసింది. మేస్త్రి వెనకనుంచి నేనూ తొంగిచూశాను. తడి ఇసుక మీద వరసగా నాలుగు నొక్కులు. నా వేళ్ల కణుపులవి. పాడుపనికి వెళ్లినా నా చేతులు అలవాటు మానలేదు.

మేస్త్రి వంగేలోగా చెల్లి అరచేత్తో ఆ ఇసుక చదును చేసేసింది.

“నాదే. ఇసుక ఎక్కువైంది,” అంది.

“గొట్టం మీ అక్కకిచ్చి నువ్వు ఆకులు చూసుకో.”

గొట్టం ఇచ్చేటప్పుడు అది నా మొహం చూడలేదు. నొక్కులు చూసిందా? చూడకుండానే చెయ్యి అలా తిప్పిందా? ఒకే గదిలో తిన్నాం, ఒకే గదిలో పడుకున్నాం. నేను అడగలేదు, అది చెప్పలేదు. వారం గడిచాక, వేరే మైదానంలో పని దొరికిందని, మంగళవారం వెళ్తున్నానని చెప్పింది.

సంచి నిండింది. స్టీలు గ్లాసు మంచం మీదే ఉంది.

“గ్లాసు మర్చిపోతున్నావే,” అన్నాను.

“అది నీకేలే అక్కా. దాంతో నొక్కు. వేళ్ల గుర్తులు పడవు.”

కోపంగా అనలేదు. జిప్పు తనే లాగింది.

బస్సుదాకా సంచి నేనే మోశాను. చలిగాలి కొడుతుంది, కిటికీ మూసుకో అన్నాను. చేరగానే ఉత్తరం రాయమన్నాను. నోటికొచ్చినవన్నీ చెప్పాను, ఆ ఒక్కటి తప్ప.

మా చెల్లి పోటీ అయిన పదకొండో రోజు, మంగళవారం మధ్యాహ్నం బస్సెక్కింది. అప్పుడు నాకు నలభై రెండేళ్లు. ఇప్పుడు డెబ్బై ఆరు. అది మళ్లీ రాలేదు.