మితాహారి ఇంటి గరిటె

నేను ఒక ఇత్తడి గరిటెను. కాడ పొడుగు, గుంట చిన్నది. కంచరి నన్ను నెయ్యి వడ్డించడానికి చేశాడు. బాపట్లలో ఒక పూటకూళ్ళావిడ దగ్గర చాలాకాలం ఆ పనే చేశాను. ఆమె పోయాక పాతసామాను కొట్టుకు చేరాను. అక్కడ పానకాలరావు నన్ను ఏరుకున్నాడు. కొట్టులో నాకన్నా చిన్న గరిటె లేదు మరి.

ఆ మనిషంటే నాకు అసహ్యం. దాచుకోవలసిన అవసరం కూడా లేదు.

ఆయన మితాహార సంఘం అధ్యక్షుడు. ఇంట్లో అన్నం నాతోనే పెట్టాలి, మనిషికి రెండు గరిటెలే. సంఘం సమావేశాల్లో ఆయన ఎన్ని బోండాలు తిన్నాడో మాత్రం ఆయన పంచె మీది నూనె మరకలకే తెలుసు. మనుషులు సద్గుణాన్ని ముందు పక్కవాడి విస్తట్లో వడ్డిస్తారు.

కోడలు వకుళ బాలింతరాలు. ఒక మధ్యాహ్నం భయపడుతూనే అడిగింది.

“మావయ్యగారూ, ఇంకొంచెం అన్నం పెట్టుకుంటానండీ. పాలు చాలక పిల్ల ఏడుస్తోంది.”

“ఏడిస్తే ఊపిరితిత్తులకి మంచిదమ్మా. నీది ఆకలి కాదు, జిహ్వచాపల్యం.”

ఆమె మొగుడు ఏదో పోగొట్టుకున్నవాడిలా మజ్జిగన్నంలో వెతుక్కున్నాడు. ఆ పిరికిపంద కూడా నాకు నచ్చడు.

కొన్నాళ్ళకు సంఘంవాళ్ళు పానకాలరావుకు ఇంట్లోనే సన్మానం పెట్టారు. పులిహోర, గారెలు, బొబ్బట్లు. ఆ రోజు నన్ను గోడకు తగిలించి పెద్ద గరిటెలు అద్దెకు తెచ్చారు. పొద్దుటి నుంచి ఏమీ తినని వకుళ, మామగారికి మారు వడ్డించబోతూ కళ్ళు తిరిగి కూలబడింది. చేతిలోని బేసిన్ దొర్లిపోయింది.

“అయ్యో, గారెలు!” అన్నాడాయన.

వంటింటి గుమ్మంలోంచి ఆయన భార్య కనకవల్లి వచ్చింది. ఆ ఇంట్లో ఆమె గొంతు పెగలడం నేనెప్పుడూ వినలేదు. కోడలి మొహాన నీళ్ళు చల్లి, లేవదీసి, పంక్తిలో ఖాళీగా ఉన్న విస్తరి ముందు కూర్చోబెట్టి, అన్నం కుమ్మరించింది.

“కనకం! పెద్దమనుషులు చూస్తున్నారు.”

“చూడనివ్వండి. చూడ్డానికేగా పిలిచారు! నువ్వు తినమ్మా. ఎవరి మొహమూ చూడకు.”

వకుళ ఏడుస్తూనే తింది. అతిథులు తలలు వంచుకున్నారు. తినడం మాత్రం ఎవరూ మానలేదు.

మర్నాడు పానకాలరావు మళ్ళీ నన్ను పట్టుకుని అన్నం గిన్నె దగ్గరికి వచ్చాడు. కనకవల్లి నన్ను లాక్కుని, గడప మీద ఆనించి, కాలితో తొక్కింది. కాడ వంగిపోయింది. నొప్పి పుట్టింది. అయినా ఇంకో తొక్కు తొక్కితే బాగుండుననిపించింది.

ఇప్పుడు తుక్కుగుట్టలో ఉన్నాను. ఆయన ఉపన్యాసాలు ఇంకా ఆగలేదట. మొన్న తుక్కు కొనేవాడు తన భార్యతో అంటుంటే విన్నాను:

“పానకాలరావు గారి మనవరాల్ని చూశావంటే! ఎత్తుకుంటే ఆ మామ్మగారికి నడుం పట్టేస్తందంట.”