అన్నయ్య చుట్టిన టేపు

పెద్ద మేస్త్రీకి ఎరుపూ ఆకుపచ్చా రెండూ ఒకటే. పుట్టినప్పటినుంచీ అంతే, రెండూ ఎండిన మట్టి రంగులోనే కనిపిస్తాయి. లారీల వైరింగు చేసి బతికే మనిషికి ఇలాంటి లోపం ఉందని బయటికి పొక్కితే ఇంకేమైనా ఉందా! అందుకే ఆ గుట్టును ఒక్కరికి తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. ఆ ఒక్కరూ అతని భార్య. ఆమె కిందటి వానాకాలంలో చనిపోయింది.

ఆమెకైనా అతను చెప్పలేదు, ఆమే పట్టుకుంది. పెళ్ళయిన కొత్తలో పండిన టమాటాలు తెమ్మంటే సంచీ నిండా పచ్చివి తెచ్చాడు. మళ్ళీ పంపితే మళ్ళీ అవే తెచ్చాడు. అప్పుడు ఆమె చెరో చేత్తో ఒక్కో టమాటా పట్టుకుని, "ఇందులో పండింది ఏది?" అని అడిగింది. అతను నొక్కి చూడబోయాడు. ఆమె చేతులు వెనక్కి లాక్కుని, "నొక్కకుండా చెప్పండి" అంది. అతను తల దించుకున్నాడు. ఇంకొకరైతే నవ్వేవాళ్ళు, ఊరంతా చెప్పేవాళ్ళు. ఆమె ఆ రెండింటినీ కూరలో వేసేసి ఊరుకుంది. మర్నాటినుంచి మధ్యాహ్నం క్యారియర్ తనే షెడ్డుకు తీసుకెళ్ళడం మొదలుపెట్టింది.

క్యారియర్ ఒక వంక మాత్రమే. భోజనం అయ్యాక తిరగేసిన ఆయిల్ డబ్బా మీద కూర్చుని, చిరిగిన చొక్కాలకు కుట్లు వేసుకుంటూ, పెదాలు కదిలీ కదలకుండా "కుడిచేతిది ఎరుపు" అనేది. వైర్ల పనులన్నీ అతను మధ్యాహ్నానికే అట్టేపెట్టేవాడు. "పెద్ద మేస్త్రీకి పెళ్ళాం పక్కన లేందే స్పానరు తిరగదు" అని డ్రైవర్లు ఎకసెక్కాలాడేవాళ్ళు. కొంగు పట్టుకు తిరిగేవాడన్నారు. అననీలే అనుకున్నాడు. రంగులు తెలియని మేస్త్రీ అనిపించుకోవడం కంటే అది వెయ్యి రెట్లు నయం.

గుట్టు కాపాడుకోవడానికి షెడ్డులో ఒక కట్టుబాటు కూడా పెట్టాడు. అతను కలిపి టేపు చుట్టిన తీగను ఇంకెవరూ విప్పి చూడకూడదు. తోడబుట్టిన తమ్ముడైనా సరే. "నా పని మీద నమ్మకం లేకపోతే నువ్వే చేసుకో, నేను ఇంటికి పోతా" అనేవాడు. తమ్ముడు మెత్తనివాడు. ఇంజన్లు దింపడం, ఎక్కించడం, వెల్డింగు అతని వంతు. అన్నయ్య మాట అతనికి శిలాశాసనం. ఇన్నేళ్ళలో ఒక్క టేపు కూడా విప్పలేదు.

ఆమె పోయాక పెద్ద మేస్త్రీ వైర్ల పని వచ్చినప్పుడల్లా ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకుంటున్నాడు. దుఃఖంలో ఉన్నాడని తమ్ముడూ బలవంతపెట్టలేదు. కానీ ఎన్నాళ్ళు తప్పించుకుంటాడు? ఊళ్ళోని పాలు పట్నానికి తోలే పాలాయన తన లారీతో రానే వచ్చాడు.

ఆ లారీ పాలాయన వాళ్ళ నాన్నది. పొడుగు ముక్కు, గుండ్రటి దీపాలు. ఎదురొచ్చినవాళ్ళంతా పక్కకు తప్పుకుని దారివ్వాల్సిందే కాబట్టి దాన్ని అందరూ "పెద్దమ్మ" అంటారు. పెద్దమ్మకు ఈమధ్య దగ్గు ఎక్కువైంది. ఎత్తు ఎక్కాలంటే వెనకాల బండ్లన్నీ నల్లటి పొగలో మునగాల్సిందే. పాలాయన పాత సామాన్ల కొట్టులో, గోతిలో బోల్తాపడిన ఒక కొత్తరకం లారీ ఇంజను కొనుక్కుని మరీ వచ్చాడు.

"పొగ ఉండకూడదు, రొద ఉండకూడదు, డీజిలు తక్కువ తాగాలి. బండి మాత్రం మా నాన్నదే అయ్యుండాలి" అన్నాడు.

"అవ్వా కావాలి, బువ్వా కావాలి అంటావు" అన్నాడు తమ్ముడు.

పాత ఇంజనును గొలుసులేసి పైకి లేపి దింపేశారు. కొత్తది పెడితే ఫ్యాను వెళ్ళి రేడియేటరుకు తగిలింది. రేడియేటరును ముందుకు జరిపారు. ఇంజను కూర్చునే కాళ్ళు కోసి కొత్తవి వెల్డింగు చేశారు. పాత గేరుబాక్సుకీ కొత్త ఇంజనుకీ మధ్య మందపాటి ఇనుప పలక తయారుచేయించారు. వాడగా మిగిలిన డీజిలు ట్యాంకులోకి తిరిగి రావడానికి ఇంకో గొట్టం వేశారు. అదంతా చేతికి తెలిసిన పనే. ఆ రోజుల్లో పెద్ద మేస్త్రీ మనసు కాస్త కుదుటపడింది, ఒకటి రెండు సార్లు నవ్వాడు కూడా.

మిగిలింది వైరింగు. ఈ రకం ఇంజనుకు డీజిలు ఎప్పుడు పోయాలో, ఎంత పోయాలో ఒక కంప్యూటరు డబ్బా చెబుతుంది. ఆ డబ్బా నుంచి ఇంజనులోని సెన్సార్లకు జడంత లావున తీగల కట్ట వెళుతుంది. పాత సామాన్లవాడు, వాడి చేతులు పడిపోను, ఆ కట్టను నడిమికి కత్తిరించి పారేశాడు. ఇప్పుడు అటు తీగనీ ఇటు తీగనీ రంగుకు రంగు చూసి కలపాలి. డయాగ్రమ్ తెప్పించారు గాని అందులోనూ ఉన్నవి రంగుల పేర్లే.

"ఇది మనవల్ల అవుతుందా? బయటినుంచి ఎలక్ట్రీషియన్ని పిలుద్దామా అన్నయ్యా?" అన్నాడు తమ్ముడు.

"నేను చచ్చాననుకున్నావా?" అన్నాడు పెద్ద మేస్త్రీ.

అనడమైతే అన్నాడు. కానీ ఇప్పుడొచ్చే బండ్లన్నీ ఇలాంటివే. ఈ ఒక్క కట్ట కలపలేకపోతే మేస్త్రీగా అతని కథ ముగిసినట్టే. పనొక్కటే అతనికి మిగిలింది. ఆమెతో గడిపిన మధ్యాహ్నాలన్నీ ఆ పనిలోనే ఉన్నాయి. అది కూడా పోతే పొద్దున లేచి ఎక్కడికి వెళ్ళాలో అతనికి తెలియదు.

తీగల లావు చూసుకున్నాడు. మీద ఉన్న చారలు చూసుకున్నాడు. నీలం, పసుపు, నలుపు, తెలుపు అతనికి బాగానే తెలుస్తాయి. వాటిని ముందు కలిపేసి, తక్కినవి ఒక్కొక్కటే తగ్గించుకుంటూ వచ్చాడు. చివరికి అటు రెండు, ఇటు రెండు మిగిలాయి. ఒకే లావు, రెంటి మీదా తెల్ల చారే. వాటిలో ఒకటి ఎరుపు, ఇంకోటి ఆకుపచ్చ. ఒకటి బ్యాటరీ నుంచి పూర్తి కరెంటు మోసేది, ఇంకోటి సెన్సారుకు వెళ్ళే సన్నపాటి కరెంటుది. తారుమారైతే డబ్బా కాలిపోతుంది.

అప్పుడే పాలాయన పని ఎంతదాకా వచ్చిందో చూడ్డానికి వచ్చాడు. పెద్ద మేస్త్రీ ఒక తీగ ఎత్తి పట్టుకుని, మాటవరసకి అన్నట్టు, "ఇదెలా ఉంది?" అని అడిగాడు.

"బాగానే ఉంది మేస్త్రీ, మీరు పెడితే ఇంకెలా ఉంటుంది?" అన్నాడు పాలాయన.

"అది కాదయ్యా, చూడ్డానికి ఎలా ఉంది?"

"తీగలాగే ఉంది" అని, పాలాయన అతని మొహంలోకి జాలిగా చూశాడు. పాపం భార్య పోయాక మనిషి తేడాగా మాట్లాడుతున్నాడు అనుకున్నట్టుంది.

ఇంక అడగలేకపోయాడు. తమ్ముడు పక్కనే లారీ కింద పడుకుని బోల్టులు బిగిస్తున్నాడు. ఒక్క మాట పిలిస్తే లేచి వస్తాడు. ఆ ఒక్క మాటే పెద్ద మేస్త్రీ గొంతు దాటలేదు. తీగలు ఎండలోకి తీసుకెళ్ళి అటూ ఇటూ తిప్పాడు. ఒకటి కొంచెం ముదురుగా ఉన్నట్టు తోచింది. ముదురుది ముదురుదానికి, లేతది లేతదానికి కలిపి టేపు చుట్టేశాడు.

పాలాయనే తాళం తిప్పాడు. ఇంజను ఊఁ అనలేదు, ఆఁ అనలేదు. ఒక్క క్షణం ఆగి డబ్బాలోంచి సన్నగా పొగ, ప్లాస్టిక్ మాడిన కంపు. తమ్ముడు పరిగెత్తి బ్యాటరీ తీగ పీకేశాడు. ఆ కంగారులో కట్టుబాటు సంగతే మరిచిపోయి, తన జీవితంలో మొదటిసారి, అన్నయ్య చుట్టిన టేపు విప్పాడు.

"ఇదేంటన్నయ్యా? ఎరుపు తీసుకెళ్ళి పచ్చకి కలిపావు! కళ్ళెక్కడ పెట్టుకున్నావు?"

అనేసి నాలుక కరుచుకున్నాడు. పెద్ద మేస్త్రీకి కోపం రాలేదు. అతను దగ్గరికి వచ్చి, ఆ రెండు తీగల వంకా వంగి చూసి, "అందులో ఎరుపు ఏది?" అని అడిగాడు.

తమ్ముడు ఎగతాళి అనుకున్నాడు. తర్వాత అన్నయ్య మొహం చూశాడు. పాలాయనను టీ తాగి రమ్మని పంపేశాడు. అన్నయ్య అంతా చెప్పాడు, టమాటాల దగ్గర్నుంచి. చెబుతున్నంతసేపూ తమ్ముడు చేతిలోని టేపు ముక్కను ఉండ చుడుతూనే ఉన్నాడు.

"వదిన కూడా ఒక్క మాట అనలేదే" అన్నాడు చివరికి.

"ఆవిడ ఎవరికీ చెప్పనని మాటిచ్చింది. నిలబెట్టుకుంది."

"నాకు చెబితే నేనేమన్నా చిన్నచూపు చూస్తానా అన్నయ్యా?"

పెద్ద మేస్త్రీ కాలిన డబ్బా బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు.

అదృష్టం, అదే కొట్టులో అలాంటి డబ్బా ఇంకోటి దొరికింది. మర్నాడు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని కట్టంతా విప్పి మళ్ళీ మొదలుపెట్టారు. తమ్ముడు రంగు చెప్పడం, అన్నయ్య కలపడం. అన్నయ్య గుండె మీది బరువు దిగినట్టే అనిపించింది. ఇన్నేళ్ళు ఎందుకు దాచానా అని కూడా అనుకున్నాడు. తమ్ముడికి ఉత్సాహం వచ్చింది. ఒట్టి రంగుల పేర్లు చెబితే అన్నయ్యకు ఏం తెలుస్తుందని, ప్రతి రంగుకూ ఒక గుర్తు చెప్పడం మొదలుపెట్టాడు.

"ఇది ఆకుపచ్చ, మన షెడ్డు తలుపు రంగు. ఇదేమో ఎరుపు. ఇటుక ఎరుపు. అదే అన్నయ్యా, ఆ రోజు వదిన మీద కప్పావే, ఆ శాలువా రంగు."

పెద్ద మేస్త్రీ చెయ్యి ఆగిపోయింది.

ఆమె తన చేత్తో రెండు శాలువాలు అల్లుకుంది. ఒకే ఊలు, ఒకే అల్లిక, రంగులే వేరు. ఆస్పత్రి మంచం మీద అతని చెయ్యి పట్టుకుని, "నేను పోయాక నా మీద ఆకుపచ్చది కప్పండి, ఎర్రది మీరు ఉంచుకోండి" అంది. ఇంకేమీ అడగలేదు. ఎప్పుడూ ఆకుపచ్చది పైన, ఎర్రది కింద పెట్టేది ఆమె. ఆమె ఆస్పత్రిలో ఉండగా ఇల్లు సర్దినవాళ్ళు ఎవరో వాటిని అటుదిటు పెట్టారు కాబోలు. అతను పైన ఉన్నది తెచ్చి కప్పాడు. ఎవరి సాయం లేకుండా ఆమె ఆఖరి కోరిక తీర్చానని, ఇన్ని నెలలూ అదొక్కటే అతనికి ఊరట.

"నేను కప్పింది ఎర్రదా?" అన్నాడు.

అప్పుడు గాని తమ్ముడికి తను ఏమన్నాడో అర్థం కాలేదు. ఏదో సర్దిచెప్పబోయాడు.

"అబద్ధం చెప్పకు."

"ఎర్రదే అన్నయ్యా."

"ఆవిడ ఏది అడిగిందో మీకు తెలుసా?"

"మా ఆవిడ అక్కడే ఉంది కదా, వింది. నువ్వు ఎర్రది తెచ్చేసరికి నా చెవిలో చెప్పింది కూడా. నేనే ఊరుకోమన్నాను. నీ మనసులో ఏదో ఉండి తెచ్చావనుకున్నాం." తమ్ముడు చేతిలోని తీగ కింద పెట్టాడు. "నువ్వు చేసిందాన్ని ఇది తప్పు అని ఎవరంటారు అన్నయ్యా? ఎప్పుడన్నా అననిచ్చావా?"

పెద్ద మేస్త్రీ మిగతా తీగలు తమ్ముడు చెప్పినట్టల్లా కలిపాడు. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. పొగ లేదు, రొద లేదు. పాలాయన పొంగిపోయి అతని రెండు చేతులూ పట్టుకుని ఏదేదో అంటున్నాడు. అతను అన్నింటికీ తలూపాడు.

ఇంటికి వచ్చేసరికి ఇంకా వెలుతురుంది. అరలోంచి శాలువా తీసి కిటికీ దగ్గర విప్పి పట్టుకున్నాడు. ఆమె అడిగింది ఇదే. ఎంతసేపు చూసినా, ఆ రోజు తన చేతులతో ఆమె మీద పరిచినదానికీ దీనికీ అతనికి తేడా కనిపించలేదు. చేసిన తప్పు కళ్ళముందు పెట్టుకుని కూడా చూడలేకపోయాడు. ఆమె మాత్రం తన జీవితమంతా అతనికి ఏది ఎరుపో ఏది ఆకుపచ్చో చెప్పి, తన వంతుకు వచ్చేసరికి చెప్పడానికి లేకుండా పోయింది. అతను శాలువాలో మొహం పెట్టుకుని, ఆమె పోయిన రోజు కూడా ఏడవనంతగా ఏడ్చాడు.

గోడ అవతల తమ్ముడి ఇల్లు. వినిపించకుండా ఎలా ఉంటుంది? వెళ్ళాలా వద్దా, పెద్దవాడు కదా అని తమ్ముడు గుమ్మంలో కాసేపు తటపటాయించాడు. తర్వాత తలుపు తోసుకుని లోపలికి వచ్చి, ఏమీ అడక్కుండా అన్నయ్య పక్కన నేలమీద కూర్చున్నాడు.