కిటికీలకు నూట పదహార్లు

ముందే చెప్పేస్తున్నాను, నేను కిటికీలు తుడిచేవాణ్ణి. నవ్వుకునేవాళ్లు ఇప్పుడే నవ్వేసుకుంటే మిగతా కథ ప్రశాంతంగా చెప్పుకోవచ్చు. పద్దెనిమిదో అంతస్తులో నడుముకి బెల్టు బిగించుకుని, సగం మనిషి కిటికీలోంచి బయటికి వంగి, అద్దం అవతలి వైపు చార పడకుండా తుడవడం ఎంత విద్యో మీరొకసారి చేసి చూస్తే తెలుస్తుంది. నాకు బాసు లేడు. నా ట్రాలీ, నా బకెట్టు, నా రబ్బరు పట్టీ. ట్రాలీ మీద ఎర్ర రంగుతో సూరిబాబు అని తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి రాయించాను. మా తాత విశాఖ నుంచి ఓడెక్కి ఈ దేశం వచ్చి రేవులో మూటలు మోశాడు. మా నాన్న ఎవరి కిందో లారీ తోలాడు. సొంత పేరు రాసుకున్న బండి మా వంశంలో ఇదే మొదటిది.

ఆ బండికే ముప్పొచ్చింది.

ఏడేళ్లుగా ఇంటికి ఎనభై డాలర్లు తీసుకుంటున్నాను. ఈ ఏడేళ్లలో బస్సు టికెట్టు పెరిగింది, మా బ్లాకు కింద కాఫీ పెరిగింది, నా మోకాలి నొప్పి అన్నిటికంటే ఎక్కువ పెరిగింది. నా రేటు ఒక్కటే ఎదగని పిల్లలా అక్కడే ఉండిపోయింది. ఒకరోజు నా భార్య రాజమ్మ చారులో గరిటె తిప్పుతూ తీర్పు చెప్పేసింది.

"నవంబరొచ్చేలోపు రేటు పెంచు. లేదంటే ఆ బండి అమ్మేసి విష్ణు కంపెనీలో చేరిపో."

విష్ణు ఆవిడ అన్న కొడుకు. క్లీనింగ్ కంపెనీ పెట్టాడు, రెండేళ్లుగా నన్ను రమ్మంటున్నాడు. చేరితే నెల జీతం, ఆకుపచ్చ టీషర్టు, వీపు మీద వాడి కంపెనీ పేరు. టీ తాగడానికి కూడా నా కూతురి వయసు సూపర్‌వైజరుకి మెసేజ్ పెట్టాలి. ఆ టీషర్టు తలచుకుంటేనే నాకు ఒళ్లంతా దురద.

"అడగందే అమ్మయినా పెట్టదు. నోరు లేదా నీకు?" అంది రాజమ్మ.

నోరు లేకేం! ఆరో అంతస్తు నుంచి అరిస్తే కింద బస్‌స్టాపులో ఉన్నవాడు తిరిగి చూస్తాడు. కానీ ఎవరైనా "ఎంత?" అని అడిగారా, అది మూతపడిపోతుంది. "మీ ఇష్టం అమ్మా" అంటుంది. ఆ ఎనభై కూడా నేను చెప్పిన రేటు కాదు, శ్యామలాదేవి గారు చెప్పింది. ఆవిడది గుంటూరు, క్లెమెంటిలో కండోలో, అంటే ఖరీదైన అపార్టుమెంటులో, ఉంటారు, భర్త కృష్ణప్రసాద్ గారికి రాఫెల్స్ ప్లేస్‌లో బ్యాంకు ఉద్యోగం. చేపల మార్కెట్లో చైనీస్ అంకుల్ చేత దండం పెట్టించుకునేంత బేరం ఆవిడది. ఏడేళ్ల కిందట "ఎంతివ్వమంటారు?" అని ఆవిడ అడిగితే, మీ ఇష్టం అన్నాను. ఆవిడ ఇష్టం ఎనభై. ఆ మాట వాట్సాప్‌లో మిగతా తెలుగిళ్లకి పాకింది. ఇప్పుడు నాకు పద్నాలుగిళ్లు. వెళ్లిన ప్రతి ఇంట్లోనూ కాఫీ, టిఫిను, వచ్చేటప్పుడు చేతిలో ఆవకాయ సీసా. వాళ్ల ఆవకాయ తిన్న నోటితో ఇంకో ఇరవై ఇవ్వండని ఎలా అడగను చెప్పండి?

అందుకని ఉత్తరం రాద్దామనుకున్నాను. మా అమ్మాయి సరయుకి ఇరవై ఏడేళ్లు, ఫిజియోథెరపిస్టు. నా సంగతి వినగానే ఫోన్లో రెండు నిమిషాల్లో కొట్టి చూపించింది. "ఫ్రమ్ నవంబర్, హండ్రెడ్ డాలర్స్. థాంక్యూ."

"అంతేనా?"

"అంతే లా. వాట్ ఎల్స్ యూ వాంట్, నాన్నా?"

"తలుపు తీయగానే చెంప మీద కొట్టినట్టుందే! పెద్దమనుషులకి రాసే పద్ధతి ఇదేనా?"

పద్ధతిగా నేనే రాస్తానని కూర్చున్నాను. చిన్నప్పుడు ఆదివారం బడిలో నేర్చుకున్న తెలుగు అక్షరాలు చేతిలో ఇంకా ఉన్నాయి. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, నా జన్మలో నేను చూసిన పద్ధతైన తెలుగు ఉత్తరం ఒక్కటే. విష్ణు పెళ్లి శుభలేఖ. బీరువాలోంచి అది తీసి పక్కన పెట్టుకుని, అందులో పేర్లు తీసేసి నా మాటలు పెట్టుకుంటూ పోయాను. పైన శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు. ఆ కింద, "దైవానుగ్రహం వలన నవంబరు ఒకటవ తేదీ శనివారం ఉదయం పది గంటల నుండి మేము తలపెట్టిన శుభకార్యమును తాము సకుటుంబ సపరివారంగా ఆశీర్వదించ ప్రార్థన" అని. కింద మా ఇద్దరి పేర్లు, బ్లాకు నంబరు, ఫ్లాటు నంబరు. అప్పటికే కాగితం నిండిపోయింది. రేటు సంగతి వెనక్కి తిప్పి రాశాను. నిజం చెప్పొద్దూ, వెనక్కి వెళ్లినందుకు నాకు కొంచెం హాయిగానే ఉంది.

పద్నాలుగు జిరాక్సులు తీయించాను. విష్ణు పెళ్లప్పుడు మిగిలిన కవర్లు, వినాయకుడి బొమ్మవి, ఓ పాతిక ఇంట్లో పడున్నాయి. డబ్బు పెట్టి కొన్న కవర్లు పారేసుకుంటామా? వాటిలోనే పెట్టాను. రాజమ్మ ఊరుకోలేదు. "మంచి పనికి పోయే కాగితం అలా వట్టిగా పంపుతారా?" అని నాలుగు మూలలా పసుపు రాసింది. ఆవిడ కొత్త ఫ్రిజ్ గ్యారంటీ కార్డుకి కూడా రాసిన మనిషి, నాకు అందులో వింతేమీ కనబడలేదు. ఆ సాయంత్రమే పద్నాలుగు తలుపుల కింద నుంచి కవర్లు తోసేసి, ఎవరైనా తలుపు తీస్తారేమోనని లిఫ్టు కోసం కూడా ఆగకుండా మెట్ల మీంచి పరిగెత్తాను.

మర్నాడు పొద్దున్నే మొదటి ఫోను కౌశిక్‌ది. కరీంనగర్ కుర్రాడు, వన్-నార్త్‌లో కంప్యూటర్ ఉద్యోగం.

"అంకుల్, కంగ్రాచులేషన్స్! మస్తు ఖుషీ అనిపించింది. నేను పక్కా వస్త."

రేటు పెంచితే కంగ్రాచులేషన్స్! ఫోను పెట్టేసి గోడకున్న దేవుడి పటానికి దండం పెట్టాను. ఆ తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. "ఎంత మంచి మాట చెప్పారండీ" అని ఒకావిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇంత మంచివాళ్లని పెట్టుకుని ఏడేళ్లు భయపడి చచ్చానేమిటిరా దేవుడా అనుకున్నాను. ఆ రోజు తుడిచిన అద్దాలు రెండేసి సార్లు తుడిచాను. నాలుకని అదుపు చేసుకోలేక ఈల కూడా వేశాను.

బుధవారం శ్యామలాదేవి గారి ఇంటి వంతు. ఆవిడ బేరం తలచుకుంటూ వెళ్లాను. ఆవిడ గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"చాలా మంచి పని చేశారు సూరిబాబు గారూ. నన్నడిగితే ఎప్పుడో చేయాల్సింది."

"మీరే అలా అంటే ఇంకేం కావాలమ్మా!"

"ఇంకా ఆగితే మీకే కష్టం. మీ వయసు కూడా చూసుకోవాలి కదా."

"అదేనమ్మా, మోకాళ్లు కూడా..."

"మోకాళ్లకేం, ఆ పూట పీటల మీద కాకుండా కుర్చీలు వేయించుకోండి. ఈ రోజుల్లో ఎవరూ ఏమనుకోరు."

రేటు పెంచడానికి కుర్చీలెందుకో నాకు తెలియలేదు. అయినా చదువుకున్న మనిషి, ఊరికే అంటుందా అని తల ఊపాను. ఆవిడ లోపలికెళ్లి ఒక అట్టపెట్టె తెచ్చి నా చేతిలో పెట్టింది. తెరిచి చూస్తే చిలకపచ్చ పట్టుచీర.

"పెళ్లికూతురికి నచ్చుతుందంటారా?"

పసుపు, వినాయకుడు, శనివారం పది గంటలు, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. ఇంట్లో ఇరవై ఏడేళ్ల పిల్లని పెట్టుకుని అలాంటి కవరు పంపితే ఏ తెలుగువాడు వెనక్కి తిప్పి చదువుతాడు? నేనైనా చదవను. చెప్పెయ్యరా సూరిబాబూ అని నోరు తెరిచాను.

"పద్నాలుగిళ్లవాళ్లమూ వస్తున్నాం" అంది ఆవిడ, నా చెయ్యి పట్టుకుని. "ఏడేళ్లలో మీ ఇంట మొదటి శుభకార్యం. వద్దంటారా ఏంటి?"

"మీ... మీ ఇష్టం అమ్మా" అంది నా దిక్కుమాలిన నోరు.

ఇంటికొచ్చి చీర బల్ల మీద పెట్టి చెప్పాను. సరయు మూడు సార్లు గట్టిగా ఊపిరి పీల్చింది.

"నాన్నా, హూ యామ్ ఐ మేరీయింగ్ ఆ? పేరైనా చెప్పు లా. ఐ ఆల్సో వాంట్ టు నో."

రాజమ్మ మాత్రం పొట్ట పట్టుకుని నేల మీద కూర్చుని నవ్వింది. తిట్టినా బాగుండేది. గురువారం, శుక్రవారం శ్యామలాదేవి గారికి ఆరుసార్లు ఫోను చేశాను. చేసిన ప్రతిసారీ ఆవిడే ముందు మాట్లాడి, దండలు ఎక్కడ దొరుకుతాయో చెప్పి, పెట్టేసింది. శుక్రవారం సాయంత్రం ఇక లాభం లేదని మా బ్లాకు కింద బెంచీ మీద కూర్చుని విష్ణుకి మెసేజ్ మొదలుపెట్టాను. "టీషర్టు సైజు లార్జ్" దాకా కొట్టి, ఏడుపొచ్చి, పంపకుండా ఆపేశాను.

శనివారం సరిగ్గా పది గంటలకి లిఫ్టు తలుపు తెరుచుకుంది. పట్టుచీరలు, పట్టుపంచెలు, మల్లెపూలు, కౌశిక్ మెరుపుల కుర్తా. రెండు ట్రిప్పుల్లో మా అంతస్తు వరండా నిండిపోయింది. ఎదురింటి మలయ్ మామ్మ తలుపు సందులోంచి తల బయట పెట్టి, మాకు చెప్పనేలేదే అన్నట్టు నా వైపు చూసింది. తలుపు తీసింది సరయు, పరుగుకి వెళ్లొచ్చిన నిక్కరుతో, చెమటతో.

"ఇంకా తయారవలేదా తల్లీ!" అని శ్యామలాదేవి గారు బుగ్గలు నొక్కుకుంది.

వంటింట్లోంచి పులిహోర వాసన వస్తోంది. పెళ్లి ఉన్నా లేకపోయినా, గడపకి వచ్చినవాళ్లని మకాన్, అదే తిండి, పెట్టకుండా పంపనని రాజమ్మ తెల్లవారకముందే లేచి వండింది. అందరూ హాల్లో, సోఫా చేతుల మీద, నా బకెట్టు బోర్లించి దాని మీద కూడా కూర్చున్నారు. శ్యామలాదేవి గారు ఒక పళ్లెం నా ముందు పెట్టింది. తమలపాకులు, పసుపు, వాటి మధ్య పద్నాలుగు కవర్లు.

"మేమంతా అనుకుని ఇంటికి నూట పదహారు పెట్టాం. ఇంతకీ పెళ్లికొడుకేడండీ?"

అందరూ నా వైపే చూస్తున్నారు. చెప్పకపోతే ఇంకో గంటలో వాళ్లే ఎవరినో ఒకణ్ణి పట్టుకొచ్చేలా ఉన్నారు. కౌశిక్ పెళ్లికానివాడు, పైగా కుర్తా కూడా వేసుకొచ్చాడు.

"పెళ్లి లేదమ్మా!" అని అరిచాను. కింద బస్‌స్టాపుకి వినబడే ఉంటుంది. "రేటు పెంచానమ్మా! కాగితం వెనక రాశాను!"

శ్యామలాదేవి గారు చేతిసంచీలోంచి ఆ కాగితం తీసి వెనక్కి తిప్పింది. ఆవిడ భుజాల మీంచి పదిమంది వంగి చదివారు. ముందు కౌశిక్ ఫక్కున నవ్వాడు. తర్వాత ఎవరు నవ్వారో చెప్పలేను, హాలంతా ఊగిపోయింది. కృష్ణప్రసాద్ గారు నవ్వు ఆపుకోలేక కండువాతో మొహం కప్పుకున్నారు. ఆవిడ ఒక్కతే నవ్వలేదు. కళ్లద్దాలు సర్దుకుంది.

"వందా? ఎనభై నుంచి ఏకంగా వందా? ఇరవై ఎక్కువండీ సూరిబాబు గారూ. తొంభై చేద్దాం. ఏమంటారు?"

నా నోటికి 'మీ ఇష్టం' అప్పుడే వచ్చేసింది, పెదవుల దాకా వచ్చేసింది. గుమ్మం పక్కన నా ట్రాలీ, దాని మీద ఎర్రటి నా పేరు. రాజమ్మ గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది, ఈసారి నవ్వడం లేదు. నేను పళ్లెంలోంచి ఒక కవరు తీసుకున్నాను.

"అమ్మా, జరగని పెళ్లికి అడక్కుండానే నూట పదహార్లు పెట్టారు. ఏడేళ్లుగా జరుగుతున్న పనికి అడిగితే వంద ఇవ్వలేరా?"

అన్నది నేనే. కావాలంటే సాక్షులున్నారు.

శ్యామలాదేవి గారు నా వైపు చెయ్యి చాపింది. చేతిలో కవరు లాక్కుంటుందేమో అనుకున్నాను. దాన్ని నా చేతిలోనే ఉంచి, పైన తన చెయ్యి వేసి మూసింది.

"తప్పు నాదేనండీ. ఏడేళ్ల కిందట మీరు 'మీ ఇష్టం' అంటే, నేను నా ఇష్టం చూసుకున్నాను, మీ సంగతి చూళ్లేదు. ఇది ఈ విడత కిటికీలకి ఉంచండి."

"అయితే పదహారు తిరిగిస్తానమ్మా, చిల్లర..."

"నూట పదహార్లలోంచి చిల్లర వెనక్కి పుచ్చుకుంటారా ఎవరైనా! మీ రేటు అదే. ప్రతి కవరూ అంతే" అని మిగతా వాళ్ల వైపు ఒక చూపు చూసింది. ఆ చూపు చేపల మార్కెట్లో చూసిందే, కాకపోతే ఈసారి నా తరఫున. ఒక్కరు కాదన్లేదు.

"చీర?" అంది సరయు.

"అది కట్టుకో తల్లీ. దానికి పెళ్లెందుకు?"

పులిహోర రెండో వడ్డన అవుతుండగా నా ఫోను మోగింది. తెలియని నంబరు. ఎవరో తెలుగావిడ, కొత్తగా కండోలో దిగారట, కిటికీలకి ఎంత తీసుకుంటారని అడిగింది. చేతుల్లో విస్తళ్లతో హాలంతా నా వైపు తిరిగింది. నేను గొంతు సవరించుకున్నాను.

"నూట పదహారమ్మా."

"కొంచెం తగ్గదాండీ?" అంది అవతలి గొంతు.

నేను నోరు తెరిచేలోపే శ్యామలాదేవి గారు ఎడం చేత్తో ఫోను లాక్కుంది.

"ఆయన రూపాయి తగ్గరమ్మా" అంది. "మేం కూడా అడిగి చూశాం."