మా అత్తగారి క్లౌడు

నాకు ముక్కు మీదే కోపమని నరసాపురంలో అందరూ అంటారు. అననివ్వండి. నలభై మంది ఆడవాళ్ళ చేత లేసు అల్లించి టైముకి సరుకు పంపేదానికి ఆ కాస్త కోపం కూడా లేకపోతే ఎలాగండీ? నా పేరు సూర్యకళ. ఈ లేసు పని మా అత్తగారు సంపూర్ణమ్మగారు మొదలెట్టింది. ఆవిడ పోయి మూడేళ్ళయింది. అప్పట్నుంచీ నేనే చూస్తున్నాను.

మా పనిలో గుడ్డ మొత్తం ఒక్క మనిషే అల్లదు. ఒకింట్లో పువ్వులు, ఒకింట్లో ఆకులు, ఇంకో ఇంట్లో అంచు. అవన్నీ మా వసారాలోకి చేరాక అతుకుపని చేసి కలిపితే అప్పుడది టేబుల్ గుడ్డ అవుతుంది. అత్తగారికి ఇందులో ఓ పిచ్చి రూలుండేది. ఏ రకమైనా రెండిళ్ళకి ఇచ్చేది. మొదటి ముక్క అల్లినావిడే ఇంట్లో దాచుకోవాలి, అమ్మకూడదు. ఆవిడ పోగానే ఆ రూలు తీసిపారేశాను. బోలెడు దారం దండగ. అన్నీ నా ఫోన్లో ఫొటోలు తీసి పెట్టుకున్నాను కదా అని నా ధీమా.

అత్తగారి పనితనమంతా పన్నెండు చక్రాల గుడ్డలో ఉండేది. మధ్యలో పళ్ళెమంత చక్రం, చుట్టూ పన్నెండు చిన్నవి. చిన్నవి ఎవరైనా అల్లేవారు. మధ్య చక్రం మాత్రం ఆవిడే అల్లేది. ఓ రోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వీడియో తియ్యనిచ్చి, "ఎవరికీ చూపించకు" అంది. ఆ గుడ్డ ఎప్పుడో అమ్మేశాం. వీడియో మాత్రం ప్రాణంలా చూసుకున్నాను.

కిందటి నెల రాజమండ్రి ఎగ్జిబిషన్‌లో విశాఖపట్నం నుంచి వచ్చిన అశోక్‌గారనే షాపాయన నా ఫోన్లో ఆ గుడ్డ ఫొటో చూసి కదల్లేదు. "మేడమ్, ఇది మళ్ళీ అల్లి చూపించండి. నచ్చితే మీ నలభై మందికీ ఆరు నెలల పని నాదే" అన్నాడు. ఫొటో పంపమన్నాడు. నేను పంపుతానా! ఇరవయ్యో తారీఖుకి గుడ్డే తెచ్చి చూపిస్తానన్నాను.

ఆ వారమే ఉషారాణిగారు మా లేసు సెంటర్‌కి వచ్చారు. డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్తారావిడ. శనివారం మధ్యాహ్నాలు మా ఆడవాళ్ళకి ఆన్‌లైన్‌లో అమ్ముకోవడం నేర్పుతున్నారు. ఆ రోజు పాఠం క్లౌడు.

"ఆకాశంలో ఏదీ ఉండదండి, అంతా నేల మీదే," అన్నారు. "పెద్ద పెద్ద గదుల్లో వేల కంప్యూటర్లుంటాయి. వాటిని నడిపే కంపెనీలుంటాయి. మనం ఇంటర్నెట్‌లోంచి వాటిల్లో కాస్త చోటు వాడుకుంటాం. మీరో ఫొటో అక్కడ పెడితే దాన్ని రెండు మూడు చోట్ల కాపీ చేసి ఉంచుతారు. ఒక మెషిన్ పాడైనా ఇంకోదాంట్లో ఉంటుంది. మీ ఫోన్ పోయినా కొత్త ఫోన్లో మీ పేరూ పాస్‌వర్డూ కొడితే మీవి మీకొచ్చేస్తాయి."

"అంటే నా సామాను ఎవరింట్లోనో పెట్టాలా? బాగానే ఉందండీ సంబడం!" అన్నాను. ఆడవాళ్ళంతా ఒకటే నవ్వు.

ఆవిడా నవ్వేశారు. "మీకు పెద్ద ఆర్డరొస్తే ఏం చేస్తారు సూర్యకళగారూ?"

"రేవు దాటి సఖినేటిపల్లిలో ఇంకో ఇరవై మందికి పని ఇస్తాను."

"ఆర్డర్ అయిపోయాక?"

"ఎవరింట్లో వాళ్ళుంటారు. నేనేమైనా కూర్చోబెట్టి జీతమిస్తానా?"

"క్లౌడూ అంతేనండి. పని పెరిగితే ఎక్కువ కంప్యూటర్లు తీసుకుంటాం, తగ్గితే వదిలేస్తాం. వాడుకున్నంతకే కడతాం. మెషిన్ కొనక్కర్లేదు, గది కట్టక్కర్లేదు. కానీ తాళం మాత్రం మీ దగ్గరే. ఎవరు చూడొచ్చో, ఎవరు చూడకూడదో మీరే చెప్పాలి. అది కంపెనీ చూసుకోదు."

ఫోన్లో బ్యాకప్ అనే బటన్ ఉంటుంది, ఆన్ చేసుకోండన్నారు. అందరూ చేసుకున్నారు. నేను చేసుకోలేదు. ఎందుకంటే మా తోడికోడలు వీరవేణి ఉందే, అది పక్క వీధిలోనే ఉంటుంది, అదీ లేసు పనే చేస్తుంది. డిజైన్ ఇల్లు దాటిందంటే ముందు దాని చేతిలోనే పడుతుందని నా భయం. ఆరేళ్ళ కిందట వేరుపడినప్పుడు అత్తగారు ఎవరి దగ్గరుండాలన్న దగ్గర మాటా మాటా పెరిగింది. అప్పట్నుంచీ మాటల్లేవు. అత్తగారు పోయిన రోజున కూడా పక్కపక్కన కూర్చుని ఏడ్చాం గానీ మాట్లాడుకోలేదు.

సోమవారం పొద్దున్న సఖినేటిపల్లి వెళ్దామని గోదారి దాటించే పంటు ఎక్కాను. పంటు నిండా బైకులూ, కొబ్బరి బొండాల ఆటోలూ. నది మధ్యలో ఉండగా నాగదుర్గ ఫోన్ చేసింది. మా పాత పనిమంతురాలు. అంచు దారం అయిపోయిందట. "ఇప్పుడా చెప్పడం!" అని చెయ్యూపి మరీ కేకలేస్తున్నాను. పక్కనున్న బైకు అద్దం మోచేతికి తగిలింది. ఫోన్ ఎగిరి కమ్మీ దాటి గోదాట్లో పడింది. చిన్న చప్పుడు, అంతే. నా పై ప్రాణాలు పైనే పోయాయి. "ఆపండి! ఆపండి!" అని అరిచాను. ఎక్కడ ఆపుతారు, నా మొహం.

మర్నాడు కొత్త ఫోన్ కొని ఉషారాణిగారి దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ నా పేరు, పాస్‌వర్డు కొట్టించారు. క్లౌడులోంచి నా సొత్తంతా దిగింది. పాత ఫోన్ కొన్న కొత్తలో ఎప్పుడో ఎక్కిన మునక్కాడల ఫొటోలు రెండు, నా బొటనవేలు ఒకటి.

"బ్యాకప్ ఆపేశారా?" అన్నారావిడ మెల్లగా. మధ్య చక్రం ఒక్కటే కాదండీ, ఆ వీడియోలో అత్తగారి గొంతుంది. "ఒకటీ, రెండూ, ఇక్కడ ఒకటి వదిలెయ్యవే పిల్లా" అంటూ లెక్కపెట్టే గొంతు. అది తలుచుకుని సెంటర్ అరుగు మీద కూర్చుని బావురుమన్నాను.

నాగదుర్గ వచ్చి పక్కన కూర్చుంది. "ఓ చిన్న చక్రం మా ఇంట్లో ఉందమ్మా. పెద్దావిడ దాచుకోమందిగా, బియ్యం డబ్బాలో ఉంది."

నేను ఏడుపాపేశాను. "మిగతావి?"

"ఎవరివి వాళ్ళ ఇళ్ళల్లో ఉండాలి. మీరు రూలు తీసేశారు గానీ, మేం పారెయ్యలేదు."

రెండు రోజులు ఊరంతా తిరిగాం, పంటు మీద నాలుగుసార్లు దాటాం. ఒకింట్లో ట్రంకుపెట్టెలో దొరికింది, ఇంకో ఇంట్లో దేవుడి పటం వెనకాల. ఒకావిడ ముక్క ఎలకలు కొట్టేశాయి, అయితే అదే రకం అల్లిన రెండో ఇంట్లో భద్రంగా ఉంది. పన్నెండు చక్రాలూ, ఆకులూ, అంచూ చాప మీద పరిస్తే ఉషారాణిగారు నోరెళ్ళబెట్టారు. "మీ అత్తగారు క్లౌడు పెట్టి ఎన్నాళ్ళయిందండీ!" అన్నారు.

అన్నీ ఉన్నాయి. మధ్యలో మాత్రం పళ్ళెమంత ఖాళీ. నలుగురికి ఇచ్చినవన్నీ తిరిగొచ్చాయి, నేనొక్కదాన్నే దాచుకున్నది గోదాట్లో ఉంది. నాకు గుర్తున్నంతలో అల్లి చూశాను. మూడుసార్లు విప్పేశాను. నాలుగోసారి అల్లితే అప్పడంలా ముడుచుకుంది.

"వీరవేణిగారిని అడిగి చూడండమ్మా," అంది నాగదుర్గ.

"చచ్చినా అడగను!"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళందరూ ఆ ఖాళీనే చూస్తున్నారు. వాళ్ళ ఆరు నెలల పని అక్కడుంది. ఇరవయ్యో తారీఖు ఇంకా నాలుగు రోజులే. లేచి చెప్పులేసుకున్నాను.

పక్క వీధికి వెళ్ళడానికి రెండు నిమిషాలు చాలు. నాకు పావుగంట పట్టింది. వీరవేణి గుమ్మంలో చిక్కుడుకాయలు వలుస్తోంది. నన్ను చూసి చేట పక్కన పెట్టింది.

"వీరవేణీ," అన్నాను. ఆరేళ్ళలో మొదటి మాట. "అత్తయ్య మధ్య చక్రం... నీకేమైనా తెలుసా? నాది పోయిందే. నువ్వే ఏదైనా చెయ్యాలి."

అది లేచి లోపలికెళ్ళింది. బీరువా తలుపు చప్పుడైంది. పసుపు గుడ్డలో చుట్టిన మధ్య చక్రం తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఇది... ఇది నీ దగ్గరెందుకుంది?" నాకు భగ్గున మండింది. "నాకొక్కదానికే అని చెప్పింది ఆవిడ!"

"నాకూ అదే చెప్పిందక్కా," అంది వీరవేణి. "'పెద్దకోడలు తొందరమనిషి, ఎప్పుడో ఒకప్పుడు పోగొట్టుకుంటుంది. ఇంకోటి నీ దగ్గరుంచు. అది వచ్చి అడిగితేనే ఇవ్వు' అంది. మూడేళ్ళ బట్టి చూస్తున్నాను, నువ్వొస్తే కదా!"

అత్తగారి మీద అప్పుడొచ్చినంత కోపం ఆవిడ ఉండగా ఎప్పుడూ రాలేదు. నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇద్దరం గుమ్మంలోనే కూలబడి రెండూ కానిచ్చేశాం. దాచుకున్న ముక్క అమ్మకూడదు కదా, తర్వాత వీరవేణే సూది తీసి కొత్తది ఎత్తుకుంది. నేను ఊరికే చూస్తున్నాను. "ఒకటీ, రెండూ, ఇక్కడ ఒకటి వదిలెయ్యవే పిల్లా," అని లెక్కపెట్టుకుంటోంది. అచ్చం ఆ సాగదీతే. నేను గబగబా ఫోన్ తీసి వీడియో మొదలెట్టాను.

ఇరవయ్యో తారీఖున అశోక్‌గారు గుడ్డని కిటికీ వెలుతురులో పట్టుకుని ఎంతసేపు చూశాడో. "మొదలెట్టండి మేడమ్," అన్నాడు. నలభై మందికి పని సరిపోయింది, మిగిలింది కూడా. అతుకుపనంతా వీరవేణికి ఇచ్చాను. పాత రూలు మళ్ళీ పెట్టేశాను, దారం దండగైతే అయింది.

ఆ శనివారం వీరవేణిని కూడా సెంటర్‌కి తీసుకెళ్ళాను. ఉషారాణిగారు దగ్గరుండి బ్యాకప్ ఆన్ చేయించారు. వీడియో ఎక్కుతోంది. "పాస్‌వర్డ్ నేను మర్చిపోతేనో?" అన్నాను.

"నమ్మకమైనవాళ్ళ నంబరొకటి ఇచ్చిపెట్టుకోండి. అప్పుడు వాళ్ళ సాయంతో తెరుచుకోవచ్చు. ఎవరిది ఇద్దామండి?"

"మా వీరవేణిది," అన్నాను. అన్నాక నాలిక్కరుచుకున్నాను. వేరుపడిన రోజునే కోపంతో దాని నంబరు ఫోన్లోంచి తీసేశాను. కొత్త ఫోన్లోనూ వేసుకోలేదు, పక్క వీధే కదా అని. "నీ నంబరు చెప్పవే."

"అదేనక్కా, మార్చలేదు," అని మొదటి రెండు అంకెలు చెప్పింది. మిగతా ఎనిమిదీ తడుముకోకుండా నేనే చెప్పేశాను.