ఇంటి మనిషి బోణీ

బోణీ కాకుండా మా షాపు షట్టరు దించరు. పెళ్ళికి పోవాలన్నా, ఆసుపత్రికి పోవాలన్నా అంతే. బెలుం గుహలకు బయల్దేరిన ఆదివారం కూడా ఆరుగంటలకే షట్టరెత్తి, కారు ఎదురుగా నిలబెట్టి, మొదటి గిరాకీ కోసం కూర్చున్నాం. నేను నాలుగింటికి లేచి చేసిన పులిహోర, పెరుగన్నం, అలసంద వడలు డిక్కీలో చల్లారిపోతున్నాయి. కోయిలకుంట్లలో ఆ పొద్దున ఎవరికీ ఏమీ అవసరం పడలేదు.

వచ్చింది బసవన్న ఒక్కడే. రోజూ మా పేపరు చదివి పోతాడు, ఏదీ కొనడు.

"ఏమన్నా కొనప్పా," అన్నాడు మా ఆయన వాసుదేవ్, బతిమాలుతున్నట్టు.

"నాకేం వద్దప్పా. అయినా ఆ గుంతలో ఏముండాదని పోతాండారు?"

ఏడున్నరకు ఓపిక చాలక నేనే రెండు రూపాయల బిళ్ళ గల్లాపెట్టె మీద పెట్టి అగ్గిపెట్టె అడిగాను.

"ఇంటి మనిషి బోణీ చెల్లదు మే," అంది మా అత్త రాజ్యలక్ష్మమ్మ.

మా ఆయన ఆ బిళ్ళనే తీసి బసవన్న చేతిలో పెట్టి అగ్గిపెట్టె కొనిపించాడు. అది చెల్లింది.

దారిపొడవునా అదే ఆలోచన. పద్దెనిమిదేళ్ళుగా చింతపండు నొక్కి చూసి కొత్తదో పాతదో చెప్పేది నేను. మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తే షాపులో కూర్చునేది నేను. ఇంటి మనిషికి జీతమూ సెలవూ ఉండవని తెలుసు. బోణీ కూడా ఉండదని ఆ రోజే తెలిసింది.

గుహలకు మేం రావడం అది నాలుగోసారి. నేను ఇంతవరకు లోపలికి దిగలేదు. మొదటిసారి పాప చంటిది. రెండోసారి అత్తకు మోకాళ్ళ నొప్పి, తోడు కావాలి. మూడోసారి కోతులు. "క్యారియర్ల కాడ ఇంటి మనిషి ఉండాల," అన్నాడాయన. లోపల ఏముందని అడిగితే "ఏముంటాది, రాళ్ళు," అంటాడు. మా అమ్మాయి శ్రీవాసవి "వేరే లెవెల్ అమ్మా," అంటుంది. ఫోనులో ఫొటోలు చూపిస్తారు. ఆయన నుదురు, దాని రెండు వేళ్ళు, వాటి సందున బెత్తెడు పచ్చటి వెలుతురు. మూటలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి చూడందే నేను కందిపప్పు కూడా దించుకోను. గుహల విషయంలో మాత్రం వాళ్ళ మాటే నమ్ముకుని కూర్చున్నాను.

ఈసారీ సామాన్లు చెట్టు కింద దించి, "మీరిద్దరూ ఈడ కూర్చోండి," అని తండ్రీకూతుళ్ళు పోయారు. నేను మెట్ల వైపే చూస్తున్నాను. దిగేవాళ్ళకు ముందు కాళ్ళు మాయమవుతాయి, తర్వాత నడుము, చివరికి తల. పైకి వచ్చేవాళ్ళ ముఖాలు వేరుగా ఉంటాయి. కింద వాళ్ళకేం కనిపించిందో?

"మే ఉదయా, అడుగున నీళ్ళు పారతాయంట. నిజమేనా?" అత్త మెల్లగా అడిగింది.

"తెలీదత్తా. మీకు?"

"నాకెట్ల తెలుస్తాది? నేనూ నీ పక్కనే కూర్చుంటి గదా."

గంటకు వాళ్ళు చెమటలు కక్కుతూ వచ్చారు. "అబ్బ, శానా ఉక్క. వడలు తియ్యి," అన్నాడాయన.

నేను లేచి కౌంటరు దగ్గరికి పోయి రెండు టికెట్లు తెచ్చాను.

"మీరు పోతే ఈడ సామాన్ల కాడ ఎవరుంటారు?"

"ఇంటి మనిషి ఉండాలంటిరి గదా. మీరు ఇంటి మనిషి కారా?"

ఆయన నోరు తెరిచేలోపు గోడ మీది కోతి ఒకటి కిందికి దూకింది. ఆయన క్యారియరును రెండు చేతులా పొదివి పట్టుకున్నాడు. శ్రీవాసవి పకపకా నవ్వి ఫొటో తీసింది.

"మోకాళ్ళు ఓర్చుకున్నంత దూరమే దిగుదాం, అత్తా."

ఆమె చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుంది. నా భుజం గట్టిగా పట్టుకుని మొదటి మెట్టు మీద కాలు పెట్టింది.

"బోణీ," అంది.