రాజ్యం పలకలు, వీరరాఘవమ్మ వడియాలు

అల్వాల్‌లోని ఆ మూడంతస్తుల అపార్ట్‌మెంట్‌లో మేడ అందరిదీ అని కాగితాల్లో ఉంది. చెల్లేది మాత్రం సెక్రటరీ రామ్మోహనరావు మాట. అలాంటి మేడ మీద, నీళ్ల ట్యాంకు పక్కన, రాజ్యం ఎవరినీ అడక్కుండా రెండు సోలార్ పలకలు బిగించేసింది.

"రాజ్యంగారూ, మీకిది కాలక్షేపం, మాకు తలనొప్పి," అన్నాడాయన. "ఆదివారం నాలుగింటికి మీటింగ్. అది ముగిసేదాకా మీ కరెంటుతో ఒక్క ఫ్యాన్ తిప్పి చూపించండి. మధ్యలో ఆగిందా, సోమవారం విప్పించేస్తాను."

"తిప్పుత సార్," అంది రాజ్యం.

ఎందుకు తిప్పదు? ఏ.ఎస్. రావు నగర్ దగ్గరి కర్మాగారంలో ముప్ఫై ఏళ్లు సోల్డరింగ్ చేసిన చేతులవి. వేల బోర్డులకు తీగలు అతికింది గాని, ఒక్క బోర్డుకైనా తను స్విచ్ వేసి చూడలేదు. అది వేరే వాళ్ల పని. రిటైరయ్యాక ఆ స్విచ్ తనే వేయాలనిపించింది. వేసింది. శనివారం ముచ్చట తీరక సాయంత్రం దాకా ఫ్యాన్ తిప్పి బ్యాటరీ ఖాళీ చేసేసింది. ఆదివారం ఎండ ఉందిగా, నిండకపోతుందా అని ధీమా.

నిండలేదు. మధ్యాహ్నం పన్నెండైనా మీటరులో ముల్లు పొద్దున ఎక్కడుందో అక్కడే ఉంది. వంటింట్లో బ్యాటరీ ముందు కూర్చుని ఒక్కో అతుకూ విప్పి చూసింది, మళ్లీ బిగించింది. గంటన్నర గడిచింది. అతుకుల్లో తప్పు లేదు. అయినా ఏడుపొచ్చింది రాజ్యానికి. ముప్ఫై ఏళ్ల చేతులు ఇవాళే మోసం చేస్తాయా అని తన మీద తనకే కోపం వచ్చింది.

మేడెక్కి చూసి నిలబడిపోయింది.

రెండు పలకల మీదా తడి పంచెలు పరిచి ఉన్నాయి, కొసలు ఇనపకాళ్లకు కట్టి. వాటి నిండా మినపవడియాలు. ట్యాంకు నీడలో సెక్రటరీ తల్లి వీరరాఘవమ్మ కర్ర పట్టుకుని కాకుల్ని తోలుతోంది.

"రా అమ్మాయ్," అందావిడ మహా సంతోషంగా. "ఎంత చక్కగా పెట్టించావే ఈ అద్దాల బల్లలు. వాలుగా ఉన్నాయి, దుమ్ము లేదు, ఎండంతా వీటి మీదే. ఆడదానివి గనక వడియాల సంగతి ఆలోచించావు. మా వాడికా బుద్ధి ఎక్కడిది?"

రాజ్యానికి తిట్టాలో నవ్వాలో తెలియలేదు. "పెద్దమ్మా, ఇవి బల్లలు గావు. ఎండను కరెంటు చేసేటియి. మీ వడియాలే నా ఎండ మొత్తం తాగినయి," అంటూ పంచెలు విప్పి, వడియాలు చెదరకుండా నేల మీద పరిచింది. ఇక మిగిలింది రెండు గంటల ఎండ.

నాలుగింటికి కింద పార్కింగ్‌లో ఫ్యాన్ తిరిగింది. లిఫ్టు రిపేరు, నీళ్ల ట్యాంకరు అంటూ రామ్మోహనరావు కావాలనే మీటింగ్ సాగదీశాడు. అయిదుంబావుకు ఫ్యాన్ రెక్కలు మందగించి, ఆగిపోయాయి.

"చూశారుగా అందరూ," అన్నాడాయన. "రేపు విప్పించేస్తాను."

వడియాల మాట రాజ్యం నోటిదాకా వచ్చింది. మింగేసింది. తన పలకలు బతకడానికి ఒక ముసలావిడను నలుగురిలో నిలబెట్టాలా?

"విప్పనియ్య సార్," అంది. "ఇయ్యాల ఆగింది. రేపు తిరుగుతది. రేపు సుత ఆగితే ఎల్లుండి చూస్త. ముప్ఫై ఏండ్లు ఎవరో స్విచ్ ఏస్తే చూసిన. ఇది నా స్విచ్. పానా వట్టుకొని ఎవరొస్తరో రానీయుండ్రి, నేను ఆడనే కూసుంట."

మెట్ల దగ్గర కర్ర చప్పుడైంది.

"ఆ ఫ్యాన్ ఆగింది నా వడియాల మూలాన్రా," అంది వీరరాఘవమ్మ. "పొద్దుటి ఎండంతా నేనే కప్పేశాను. ఆ పిల్ల నా పేరైనా ఎత్తలేదు, చూశావా?"

"అమ్మా, నువ్వు పైకెళ్లు."

"వెళ్తాను. రేపు కూడా వెళ్తాను. ఆ పలకల దగ్గరే కుర్చీ వేసుకుంటాను. విప్పించేవాడివి ముందు నన్ను లేపి విప్పించు."

రామ్మోహనరావు చేతిలోని మినిట్స్ పుస్తకం మూసేశాడు.

రాజ్యం కళ్లు తుడుచుకుని వీరరాఘవమ్మ చెయ్యి పట్టుకుంది.

"కూసోండ్రి పెద్దమ్మా. గని జెర పక్కకు కూసోండ్రి. మీ నీడ సుత వాటి మీద పడొద్దు."