మునిగేంత నీళ్ళు

మా సంఘంలో బాప్తిస్మం ఎప్పుడని మా సంఘంవాళ్ళకంటే ముందు యలమందయ్య అడిగాడు. ఆయనకు సొంత పొలం కొంత, కౌలు పొలం అంతకంటే ఎక్కువ, మొత్తం మిరపే. కూలీలను పిలవడానికి మా పేటకు వస్తాడు గాని చర్చి గేటు దాటి లోపలికి ఎన్నడూ రాలేదు. ఆ శుక్రవారం చెప్పులు బయట విడిచి మరీ వచ్చాడు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది. పాస్టరు భార్య అనుమానాలు ఎవరిక్కావాలి?

"అయ్యగారూ, మన ఆదాంకి బాప్తీసం ఈ ఆదివారం ఇచ్చేయొచ్చుగా?" అన్నాడు మా ఆయనతో.

"నీళ్ళేవండీ? కాలవలో మోకాళ్ళ దాకా కూడా లేవు. మా పద్ధతిలో మనిషి పూర్తిగా మునగాలి," అన్నాడు ఫిలిప్.

"దానిదేవుంది, నాలుగు బస్తాలు అడ్డం వేస్తే నడుం దాటి వస్తాయి. బస్తాలు నావి, మనుషులు నావాళ్ళు. దేవుడి పని కదా, ఎవరు కాదంటారు?"

దేవుడి మీద ఆయనకింత ప్రేమ ఎందుకు పుట్టుకొచ్చిందో నాకు తెలుసు. ఆ వారం సాగర్ కాలువకు నీళ్ళు వదిలారు, తాగడానికి మాత్రమే. పొలాలకు తోడితే ఇంజన్లు పట్టుకుపోతామని ఆటోలో మైకు పెట్టి చెప్పి వెళ్ళారు. కాలువ చూస్తే ఎప్పటిదో. దాని మీద ఆశ పెట్టుకున్నవాళ్ళు మాత్రం ఏటా పెరుగుతున్నారు. పట్నాలకు పైపులైన్లు వెళ్ళాయి, పత్తి వేసినవాళ్ళు మిరపకు మారారు, ఎగువన ఉన్నవాళ్ళు ఎగువనే తోడేసుకుంటున్నారు. మా ఊరు చేరేసరికి మిగిలేది మోకాలి లోతు. మా కింద ఇంకా ఊళ్ళున్నాయి. వాళ్ళ మంచినీళ్ళ చెరువులు నిండాలంటే ఆ మోకాలి లోతే దిక్కు.

అన్నీ తెలిసి మా ఆయన సరేనన్నాడు. కాదనడం ఆయనకు పుట్టుకతోనే రాదు. నేను లోపలికి పిలిచి తిట్టాను.

"ఆదాం దగ్గు విన్నావా, జయా?" అన్నాడు. "వచ్చే ఏడు నీళ్ళు వదిలేదాకా ఉంటాడంటావా?"

ఆదాం ముప్పై ఏళ్ళకు పైగా మిరప చేలకు మందు కొట్టాడు, ముక్కుకు గుడ్డ కూడా కట్టుకోకుండా. ఊపిరితిత్తులు సగం పోయాయని గుంటూరులో డాక్టరు చెప్పాడు. చుట్ట మానలేక చాలాకాలం బాప్తిస్మం వాయిదా వేశాడు. భార్య చనిపోయాక చుట్ట మానేశాడు, అప్పటినుంచి కాలువ మానేసింది. సత్తెనపల్లి చర్చిలో సిమెంటు తొట్టి ఉంది, ఆటోలో తీసుకెళ్తామన్నాం. ఒప్పుకోలేదు. "మాయావిడ ఈ కాలవలోనే మునిగింది. నేనూ ఇక్కడే," అన్నాడు. చచ్చేలోగా ఈ కాలువలో మునగాలి, ఆయనకింకేమీ అక్కర్లేదు.

శనివారం మధ్యాహ్నానికే బస్తాలు పడ్డాయి. నాలుగు కాదు, కాలువకు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు గోడ కట్టినట్టు వేశారు. ఆదివారం ఆరాధన ముగించుకుని మేం వెళ్ళేసరికి నీళ్ళు ఛాతీ దాకా నిలిచాయి. రెండు గట్ల మీదా ఇంజన్లు మోగుతున్నాయి. మా పాట మాకే వినపడలేదు. కాలువ కాపలా చూసే లస్కరు బండి మీద వచ్చి, తెల్లబట్టల్లో ఉన్న ఆదాంనీ చేతిలో బైబిలున్న మా ఆయననీ చూసి, "ప్రార్థనా? తొందరగా కానివ్వండి," అని బండి తిప్పుకున్నాడు. యలమందయ్య అంచనా తప్పలేదు.

"కానిద్దామా?" అని ఫిలిప్ అడిగినప్పుడల్లా, "ఇంకాస్త లోతు రానివ్వండి అయ్యగారూ, పెద్దమనిషి పొడుగరి," అంటున్నాడు యలమందయ్య. నాకు ఒళ్ళు మండిపోయింది.

అప్పుడు వచ్చింది క్రిస్టీనా. ఆదాం కూతురు, కాలువ చివరి ఊరికి కోడలు. నాన్న బాప్తిస్మం చూద్దామని ఆటోలో వచ్చింది, పనిలో పనిగా మా ఊళ్ళో నీళ్ళు పట్టుకెళ్ళొచ్చని ఖాళీ క్యాన్లు వేసుకొచ్చింది. ఆటో దిగి కాలువ చూసి అక్కడే నిలబడిపోయింది.

"మీరా అమ్మగారూ ఆపింది?" అంది నాతో. "నిన్న సాయంత్రం నుంచి మాకు చుక్క రాలేదు. చెరువు అడుగు కనపడుతోంది. బోరు నీళ్ళు ఉప్పు, పిల్లలు తాగలేక కక్కుతున్నారు. ఊరంతా తూము దగ్గర బిందెలు పెట్టుకుని కూర్చుంది. మా నాన్న కోసం ఆపారని తెలిస్తే నన్ను ఆ ఊళ్ళో బతకనిస్తారా?"

ఆదాం అప్పటికే ఫిలిప్ చెయ్యి పట్టుకుని ఛాతీ లోతులో నిలబడి ఉన్నాడు. విన్నాడు.

"ఒక్క నిమిషం పనమ్మా," అన్నాడు ఫిలిప్ కంగారుగా. "ముంచి లేపగానే బస్తాలు తీయిస్తా." నాకూ అదే మంచిదనిపించింది.

ముంచేముందు మా ఆయన మూడు ప్రశ్నలు అడుగుతాడు. ప్రభువును నమ్ముతున్నావా, పాత జీవితం విడిచిపెట్టావా, ఇతరుల సొమ్మేమైనా నీ దగ్గర ఉందా అని. మూడోదానికి అందరూ ఆలోచించకుండా లేదంటారు. ఒకసారి ఒకావిడ మాత్రం ఎదురింటివాళ్ళ గిన్నె ఉండిపోయిందని చెప్పి మమ్మల్నందరినీ నవ్వించింది.

ఆదాం మొదటి రెండింటికీ ఔనన్నాడు. మూడోది అడిగితే కిందికి చూసుకున్నాడు.

"ఉందయ్యగారూ," అన్నాడు.

"ఏవుంది?"

"ఈ నీళ్ళు."

మా ఆయన చెయ్యి వదిలించుకుని నీళ్ళలో నడుచుకుంటూ బస్తాల దగ్గరికి వెళ్ళాడు. పైబస్తా పట్టుకుని లాగాడు. అది కదల్లేదు, ఆయనకు దగ్గు తెర వచ్చింది. బస్తా మీదికి వాలి దగ్గి మళ్ళీ లాగాడు.

"ఒరేయ్ ఆదాం! నీకేవన్నా పిచ్చా?" అని యలమందయ్య అరిచాడు. "ఇంకో అరగంటరా! ఆ కింది మడి ఒక్కటే ఉంది!"

"వాళ్ళు తాగాలయ్యా," అన్నాడు ఆదాం.

"నా చేనుకక్కర్లేదా? కౌలు ముందే కట్టి చచ్చాను. కాయ మీదున్న చెట్టు కళ్ళముందు వాడిపోతుంటే ఏం చెయ్యమంటావు? నేను సరదాకి తోడుతున్నానా?"

ఆ మాట కూడా అబద్ధం కాదు. ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక మిగల్చని రోజులివి. నేను చీర ఎగదోపుకుని దిగాను. క్రిస్టీనా దిగింది, వెనకే మా పేట ఆడవాళ్ళు దిగారు. తలా ఒక బస్తా లాగాం. నీళ్ళు ఒక్కసారిగా కిందికి పరుగెత్తాయి. ఇంజన్లు గాలి పీల్చి గురగురమన్నాయి, యలమందయ్యే వెళ్ళి ఆపేసి గట్టు మీద కూలబడ్డాడు.

నీళ్ళు నడుముకు వచ్చాయి. తరువాత మోకాళ్ళకు. ఇక్కడ ఆగుతాయి, ఆదాంను పడుకోబెట్టైనా ముంచవచ్చు అనుకున్నాం. ఆగలేదు. పిక్కలు, మడమలు. పైనుంచి రావలసిన పారుదలే లేదు.

యలమందయ్య ఎవరికో ఫోను చేసి మాట్లాడి పెట్టేశాడు.

"పై ఊళ్ళో కూడా పొద్దున బస్తాలేశారంట," అన్నాడు. "గంగమ్మకి పూజంట. మనకి తట్టింది వాళ్ళకి తట్టదా?"

ఫిలిప్ బురదలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పాదాల చుట్టూ మిగిలిన నీళ్ళు దోసిట్లోకి తీసి, "తల వంచు ఆదాం, పోస్తాను. ప్రభువు కాదనడు," అన్నాడు. మా ఆయన జీవితంలో పద్ధతి తప్పబోయింది అదొక్కసారే.

ఆదాం తల వంచలేదు. "మునగాలయ్యగారూ. మాయావిడ మునిగింది. సగం సగం నాకొద్దు."

ఇంతలో క్రిస్టీనాకు ఇంటినుంచి ఫోను వచ్చింది. తూముకు కాసేపు నీళ్ళు వచ్చాయని, మళ్ళీ ఆగిపోయాయని.

"పిల్లలు పట్టుకున్నారా?" అన్నాడు ఆదాం.

"రెండు బిందెలు పట్టారంట నాన్నా."

"సరే," అని ఆయన గట్టు ఎక్కడానికి చెయ్యి చాపాడు.

బాప్తిస్మమై వచ్చినవాళ్ళకు తల తుడవడం మా సంఘంలో పాస్టరు భార్య పని. ఇన్నేళ్ళుగా ఎంతమందికి తుడిచానో. ఆదాం వణుకుతూ నా ముందుకు వచ్చి, అలవాటు తెలిసినవాడు కాబట్టి, తల వంచి నిలబడ్డాడు. నేను తువ్వాలు వేసి రెండు చేతులతో రుద్దాను. ఛాతీ దాకా బట్టలు నీళ్ళోడుతున్నాయి, జుట్టు మాత్రం పొడిగా ఉంది. అయినా ఆపలేకపోయాను. ఏడుస్తూ ఆ పొడి తలనే తుడిచాను.